గేటు గూట్లో మోగిన ఫోను

రాయచూరులో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో నేను అటెండరుగా చేరిన రోజుకీ, రిటైరైన రోజుకీ మధ్య ఎందరో ప్రిన్సిపాళ్లు వచ్చారు, పోయారు. బీరువాలు మాత్రం అవే. వాటి తాళాలూ అవే, ఆ తాళాలు కట్టుకున్న కొంగూ నాదే. పిల్లలు నన్ను వెనకాల ‘తాళాల అవ్వ’ అనేవారని నాకు తెలుసు. ముందర మాత్రం ఎవరూ అనలేదు. అంత భయం ఉంటే చాలనుకునేదాన్ని.

మా మనవరాలు వాళ్ల కాలేజీ పత్రికకు ఏదైనా రాయమంది. నీతులు రాయను. నీతులు చెప్పడం లెక్చరర్ల పని, దానికి వాళ్లకు జీతం వస్తుంది. నేను ఒక రోజు సంగతి రాస్తాను. మీలో ఎవరైనా ఒక కాలేజీ మధ్యలో వదిలి ఇంకో కాలేజీలో చేరి, క్రెడిట్లన్నీ చిటికెలో అక్కడికి చేరిపోయాయని సంతోషపడి ఉంటే, ఆ చిటికె వెనకాల మాలాంటి వాళ్లం ఎట్లా తంటాలు పడ్డామో తెలిస్తే నవ్వుకుంటారు. నవ్వుకోండి. నేనూ ఇప్పుడు నవ్వుకుంటున్నాను.

నా పని పెద్దదేమీ కాదు. ఫైళ్లు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి మోయడం, కవర్లు అంటించడం, శిక్కా వేయడం. శిక్కా అంటే కాలేజీ గుండ్రటి సీలు. అది పడనిదే మా ఆఫీసు నుంచి ఏ కాగితమూ గడప దాటేది కాదు. బయటి నుంచి వచ్చిన కవర్లను నేను పారేయనిచ్చేదాన్ని కాదు. విప్పి, తిరగేసి, మళ్లీ అంటించి వాడేదాన్ని. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నాకు ఒళ్లు మండేది. మా కాలేజీ మేడ ఎక్కితే ఆకాశం తేటగా ఉన్న రోజు థర్మల్ ప్లాంటు పొగ కనిపిస్తుంది. “కరెంటు పుట్టేదే మన పక్కన గదమ్మా, ఫ్యానుకు ఏడుస్తవేంది” అనేవారు మా సూపరింటెండెంటు సారు.

“బాయి పక్కన ఇల్లుంటే నీళ్లు పారబోస్తమా సార్” అని స్విచ్చి ఆపేసేదాన్ని.

ఆ ప్లాంటు వచ్చినప్పటి నుంచి మా కాలేజీకి ఎక్కడెక్కడి పిల్లలో రావడం మొదలైంది. తండ్రి ప్లాంటులో పనిచేస్తాడు, పిల్ల మా దగ్గర చదువుతుంది. ఉన్నట్టుండి తండ్రికి బదిలీ అవుతుంది. అప్పుడు మొదలయ్యేది అసలు కథ. టీసీ కావాలి, మైగ్రేషన్ కావాలి, మార్కుల కార్డులకు నకళ్లు కావాలి, ఇక్కడ చదివిన పాఠాలూ అక్కడి పాఠాలూ ఒకటేనని ఎవరో పెద్దాయన సంతకం పెట్టాలి. ఒక యూనివర్సిటీ ఇంకో యూనివర్సిటీకి ఉత్తరం రాస్తుంది. జవాబు వచ్చేసరికి అక్కడ పరీక్షలు అయిపోయి ఉంటాయి. అట్లా ఏడాది పోగొట్టుకున్న పిల్లలను నేను చాలామందిని చూశాను. మగపిల్లవాడైతే మరుసటేడు మళ్లీ చేరతాడు. ఆడపిల్ల ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే, ఆ ఇంట్లో వేరే మాటలు మొదలవుతాయి.

తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి పిల్లకూ ఒక ఖాతా. పాసైన ప్రతి సబ్జెక్టుకూ ఇన్ని క్రెడిట్లని కాలేజీ అందులో జమ చేస్తుంది. ఆ పిల్ల ఇంకో కాలేజీకి పోతే, అక్కడివాళ్లు తమ కంప్యూటరులోనే ఆ జమ చూసుకుని తమ దగ్గర కలుపుకుంటారు. కాగితం కదలనక్కరలేదు. పిల్ల ఒప్పుకున్నట్టుగా ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీ పాత కాలేజీలో చెబితే చాలు.

మా సూపరింటెండెంటు సారుకు ఇది మింగుడు పడలేదు. ఆయన పాత రాయచూరు మనిషి, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. “శిక్కా పడని మార్కులు మార్కులేనా” అని, కంప్యూటరులో ఎక్కించినవన్నీ మళ్లీ కాగితం మీద తీయించి, సంతకం చేయించి, నాతో శిక్కా వేయించి ఫైలులో పెట్టించేవారు. మా కంప్యూటరు ఆపరేటరు కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి. లింగసూగూరు వైపు కన్నడ ఇంటి కోడలు, మా మధ్య ఉండి తెలుగు నేర్చుకుంది. “ఏన్ సార్ ఇది, చీర కట్టుకొని మీద మళ్లీ చీర కట్టినట్ల” అనేది. నేను మాత్రం శిక్కా శ్రద్ధగానే వేశాను. దాని మీద నాకు ప్రేమ ఉండేది.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. అడ్మిషన్ల సమయంలో ఆడపిల్లలు ఫారాలు నింపుతుంటే నేను బల్ల పక్కన నిలబడేదాన్ని. ఫోను నంబరు రాసే గడి దగ్గరికి రాగానే, “నీది రాయకు బిడ్డా, మీ నాయనది రాయి” అనేదాన్ని. అన్నలది కూడా ఒప్పుకునేదాన్ని కాదు. దీనికి కారణం ఉంది. కొన్నేళ్ల కింద మా ఫారాలు నకళ్ల కోసం బయటి జిరాక్సు దుకాణానికి పోయేవి. అక్కడి నుంచి ఒక పిల్ల నంబరు ఎవరి చేతిలోనో పడింది. రోజూ ఫోన్లు. ఇంట్లో వాళ్లు ఫోను చేసినవాణ్ణి ఏమీ అనలేదు, పిల్లను కాలేజీ మాన్పించారు. ఆ పిల్ల టీసీ మీద శిక్కా వేసింది నేనే. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఆడపిల్ల నంబరు అనేదే లేకుండా చేశాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ కాదనలేదు. నేను పెట్టిన ఆచారమే ఆఫీసు ఆచారమైంది.

ఇంక ఆ రోజు సంగతి.

ఒక పిల్ల మా దగ్గర బీఎస్సీ మొదటి సంవత్సరం ముగించింది. వాళ్లది తుంగభద్ర కాలువ కింద క్యాంపు. తాత కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబం. పొలం పెదనాన్న చూసుకుంటాడు, తండ్రి మా థర్మల్ ప్లాంటులో టెక్నీషియను. ఆయనకు బళ్లారి దగ్గరి ప్లాంటుకు బదిలీ అయింది, ఇంకో పది రోజుల్లో పోవాలి. పిల్ల అక్కడి కాలేజీలో రెండో సంవత్సరంలో చేరాలి. ఆ కాలేజీ వాళ్లు సీటు ఉంచారు. కానీ ఆఖరు రోజు సాయంత్రం అయిదులోపల మొదటి సంవత్సరం క్రెడిట్లు తమ కంప్యూటరులోకి వచ్చేయాలి, లేకపోతే మరుసటి ఏడాది రమ్మన్నారు.

ఆ ఆఖరు రోజు మధ్యాహ్నం పిల్ల ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఒక సంచి, మెడలో మా కాలేజీ ఐడీ కార్డు.

“బళ్లారికి ఫోన్ చేయించానండి. ఇంకా రాలేదంటున్నారు” అంది.

ఆపరేటరు అమ్మాయి కుర్చీలో ఇటు తిరిగింది. “నేనే నిన్ను అడగాల. మూడు దినాల నుంచి ఓటీపీ పంపుతున్నా. నీవు చెప్తేనే కదా ముందుకు పోయేది. ఏన్ తాయీ, నిద్ర పోతున్నావా?”

“నాకేం రాలేదండి.”

“రాకుండా ఎట్ల? నీ నంబరే కదా ఇది?”

పిల్ల వంగి తెర మీద నంబరు చూసింది. “ఇది నాన్నదండి. నాకు ఫోన్ లేదు.”

సూపరింటెండెంటు సారు కళ్లద్దాల పైనుంచి నా వైపు చూశారు.

“నా రూలే సార్. దాంట్ల తప్పేమున్నది? నాయనకు ఫోన్ చేసి అడుగుండ్రి, అంతే గద” అన్నాను.

చేశారు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేశారు. అప్పుడు పిల్ల మెల్లగా చెప్పింది. వాళ్ల నాన్న పనిచేసే చోటికి ఫోను తీసుకుపోనివ్వరట. గేటు దగ్గర పెట్టి లోపలికి పోవాలి, సాయంత్రం ఆరు దాటాకే చేతికొస్తుంది.

“నంబరు మార్చరాదా?” అన్నారు సారు.

“మార్చాలంటే కూడా పాత నంబరుకే ఓటీపీ పోతది సార్” అంది ఆపరేటరు.

“ఏం సిస్టం తల్లీ ఇది. తాళంచెవి ఇంట్ల పెట్టి తాళం వేసినట్టున్నది.”

“తాళం ఎవరు వేసిండ్రు సార్” అని గొణిగింది ఆపరేటరు. వినపడనట్టు ఉన్నాను.

పిల్ల కళ్లలో నీళ్లు లేవు. అది నన్ను ఇంకా కలత పెట్టింది. “ఈ ఏడాది పోతే ఇంక కుదరదండి” అంది, ఎవరి వైపూ చూడకుండా. “నాన్న చదివిస్తాననే అంటారు. ఊరికే ఇంట్లో కూర్చుంటే మాత్రం పెదనాన్న సంబంధాలు మొదలుపెట్టేస్తారు. పెదనాన్న ముందు మా నాన్న మాట సాగదండి.”

నేను బీరువాలకు తాళాలు వేసి, చెప్పులు తొడుక్కున్నాను. “గేటు కాడికే పోదం నడువు” అన్నాను.

సారు తన ఫోను తీసి నాకిచ్చారు. నాకు అప్పటికి ఫోను లేదు. ఇంట్లో కొడుకుది ఉంది కదా, ఇంకోటి దండగ అనుకునేదాన్ని. గ్యాసుకూ, రేషనుకూ, నా బ్యాంకుకూ అన్నిటికీ కొడుకు నంబరే. సారు ఆ ఫోనును చేతిరుమాలులో చుట్టి, పసిపిల్లను అప్పగించినట్టు అప్పగించారు. నేను దాన్ని పిల్ల చేతికిచ్చాను.

బయటికి రాగానే పిల్ల ఆటో పిలవబోయింది.

“ఆటో ఎందుకు? ఆడోళ్లకు బస్సు ఉత్తగనే గద.”

“టైమవుతుందేమోనండి మామ్మగారూ.”

మా వైపు అవ్వ అంటారు. ఈ పిల్ల మామ్మగారు అనేది. గౌరవం పెరిగింది గానీ వయసు తగ్గలేదు. బస్సే ఎక్కాము. ఉచితమన్నాక బస్సులో ఎంత జనం ఉంటారో మీకు తెలుసు. శక్తినగరు దారిలో చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగింది. చివరికి రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ప్లాంటు వైపు పోతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తీరుబడిగా, ఊరేగింపుకు పోతున్నట్టు. ఆటో ఎక్కి ఉన్నా ఈ గేటు పడేదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లకు చెప్పలేదు.

ఆ పిల్ల నోటికొచ్చింది అడిగింది, మాట మార్చడానికేమో. “మామ్మగారూ, మీరు ఎంతదాకా చదువుకున్నారండి?”

“నాలుగు. మా ఊరు ఇడపనూరుల.”

“తర్వాత?”

“తర్వాత మా నాయనకు రాయచూరు జిన్నింగు మిల్లుల పని దొరికె, అందరం వచ్చినం. ఈడ బడిల టీసీ తెమ్మన్నరు. మా నాయన ఇడపనూరు పోయిండు, హెడ్‌మాస్టర్ లేడు. ఇంకోసారి పోయిండు, అప్పుడు గూడ లేడు. మూడోసారికి, ఆడపిల్లకు టీసీ ఏంది అన్నడు. నన్ను గూడ మిల్లుకే తోల్కపోయిండు.”

పిల్ల ఏదైనా అంటే కసురుకుందామని నేను సిద్ధంగానే ఉన్నాను. గేటు లేచింది.

ప్లాంటు గేటు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అక్కడ చెట్ల ఆకుల మీద కూడా బూడిద. సెక్యూరిటీ గదిలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. గడ్డానికి గోరింటాకు రంగు, ఇస్త్రీ చెదరని యూనిఫాం. ఆయన వెనక గోడకు పావురాల గూళ్లలాగా చెక్క అరలు, వాటికి జాలీ తలుపు. ప్రతి అరలోనూ ఒక ఫోను. ఫోను పెట్టినవాడికి ఒక ఇత్తడి బిళ్ల ఇస్తారు, బిళ్ల తెచ్చి ఇస్తే ఫోను తిరిగి ఇస్తారు.

“కౌన్ హోనా?” అన్నాడు.

ఎవరు కావాలో చెప్పాను. పిల్ల తండ్రి పేరు విని లోపలికి ఫోను తిప్పాడు. ఎవరితోనో మాట్లాడి పెట్టేశాడు.

“ఆగిన యూనిట్ మళ్ల ఎత్తుతుండ్రమ్మా ఇయ్యాల. ఆయన పైన బొగ్గు మిల్లుల కాడ ఉన్నడంట. పిలవనీకె మనిషి లేడు. ఆరింటికి వస్తడు.”

“ఆయన రాకున్నా మంచిదే బాబా. ఆయన ఫోన్ ఇస్తే సాలు. ఈ పిల్ల ఆయన బిడ్డనే.”

“బిళ్ల ఉన్నదా?”

“లేదు.”

“మరి ఎట్ల ఇస్త?”

పిల్ల తన ఐడీ కార్డు చూపించింది, అందులో తండ్రి పేరు ఉంది. ఆయన దాన్ని చదివాడు, తిరిగి ఇచ్చాడు. “నువ్వు ఆయన బిడ్డవే, ఒప్పుకుంట. ఫోన్ మాత్రం బిళ్లకే ఇస్త. నా సొంత తమ్ముడు వచ్చినా అంతే. రూల్ అంటే రూల్.”

నాకు కోపం రావాలి. రాలేదు. ముప్పై ఏళ్లు బల్లకు అవతల నిలబడి నేను అందరికీ చెప్పిన మాటలే ఇవి. బల్లకు ఇవతలి నుంచి వినడం మాత్రం అదే మొదలు. గొంతు కూడా నా గొంతులాగే ఉంది.

“నీ జాగల నేనున్నా ఇయ్యకపోదును” అన్నాను.

ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. అరుస్తాననుకున్నట్టున్నాడు. కుర్చీ జరిపి “కూసో అమ్మా” అన్నాడు.

అప్పుడు టింగుమని ఒక చప్పుడు. జాలీ వెనకాల, మూడో వరుసలో ఒక అర వెలిగింది.

“అది నాన్న ఫోనండి” అంది పిల్ల.

కాలేజీలో ఆపరేటరు అమ్మాయి మేము చేరి ఉంటామని లెక్కవేసి ఓటీపీ పంపింది. ఆ నంబరు మా కళ్ల ముందు, చెయ్యి చాపితే అందే దూరంలో, జాలీ వెనక కాసేపు వెలిగి ఆరిపోయింది. పిల్ల జాలీకి ముఖం ఆనించి చూసింది. ఫోను బోర్లా పడి ఉంది.

“బాబా, దాన్ని జర తిప్పి, నంబరు ఏమున్నదో చెప్పరాదు? ఫోన్ నీ తానే ఉండనీ” అన్నాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. “ఓటీపీనా? తౌబా. బ్యాంకోళ్లు రోజూ మెసేజి పెడుతుండ్రు, ఎవ్వరికీ చెప్పొద్దని. మందిది అసలే చెప్పొద్దు.”

మళ్లీ టింగుమంది. పిల్ల గాభరాగా సారు ఫోను తీసి ఆపరేటరుకు కలిపింది, స్పీకరు పెట్టింది.

“వచ్చిందా? చెప్పండి, చెప్పండి” అంటోంది ఆపరేటరు. “దినానికి మూడుసార్లే పంపనిస్తది. రెండు అయిపోయినాయి.”

“నువ్వు చెయ్యి తియ్యి ముందు” అన్నాను. “ఆ బటన్ మీద నుంచి చెయ్యి తియ్యి. నేను చెప్పేదాక ముట్టొద్దు. సారును నీ పక్కన కూసోబెట్టుకో, నువ్వు ముట్టకుండ చూస్తడు.”

“సారు నా పక్కనే ఉన్నరు అమ్మా. ఆయనే పంపు పంపు అంటున్నరు.”

గోడ గడియారం నాలుగు దాటింది. పిల్ల గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. లోపల ఎక్కడో ఆవిరి వదిలిన చప్పుడు, మాట వినపడనంత.

అప్పుడు క్యాంటీను ఆమె వచ్చింది. నడి వయసు మనిషి, తల మీద గుడ్డ చుట్టుకుని, రెండు చేతులా రెండు చాయ్ డబ్బాలు. రాయచూరు పక్క కల్మల ఊరి యాస. గేటు ఆయన లేచి ఆమెకు దారి ఇచ్చాడు, పాసు కూడా అడగలేదు.

“ఈమె లోపటికి రోజూ పోతదా?” అన్నాను.

“చాయ్ పోకుంటే ప్లాంట్ నడవదమ్మా” అన్నాడు.

“బాబా, నీ రూలు ఇంకోసారి చెప్పు. ఫోన్ ఎవరికి ఇస్తవు?”

“బిళ్ల తెచ్చినోళ్లకు.”

“బిళ్ల ఎవరు తెచ్చినా?”

ఆయన గడ్డం నిమురుకున్నాడు. కొంతసేపు ఆలోచించాడు. రూలులో పొరపాటు దొర్లకుండా చూసుకునే మనిషి అట్లాగే ఆలోచిస్తాడు. “ఎవరు తెచ్చినా. బిళ్లకే లెక్క.”

క్యాంటీను ఆమెకు చెప్పాను, మిల్లుల దగ్గర ఈ పిల్ల తండ్రి ఉన్నాడు, ఆయన బిళ్ల అడిగి తీసుకురావాలి అని.

“ఎవరో ఒకతి పోయి బిళ్ల ఇయ్యమంటే ఇస్తడా అవ్వా? నన్ను దొంగనుకుంటడు” అంది ఆమె.

పిల్ల మెడలో నుంచి ఐడీ కార్డు తీసి ఆమె చేతికిచ్చింది. “ఇది చూపించండి. గేటు దగ్గర ఉన్నానని చెప్పండి. బళ్లారి సీటు గురించని చెప్పండి.”

ఆమె కార్డును జాకెట్లో దోపుకుని డబ్బాలెత్తుకుని పోయింది. అంత సేపు మేము ముగ్గురం ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు. గేటు ఆయన తన కప్పులో చాయ్ పోసి నాకిచ్చాడు. బయటి చాయ్ తాగే అలవాటు లేదు నాకు. తాగాను. పిల్ల తాగలేదు.

ఖాళీ డబ్బాలు ఊపుకుంటూ ఆమె తిరిగి వచ్చేసరికి ముల్లు అయిదుకు దగ్గర పడింది. దూరం నుంచే కొంగు ముడి పైకెత్తి చూపించింది. ముడి విప్పితే ఇత్తడి బిళ్ల, ఐడీ కార్డు. కార్డు మీద, సరిగ్గా ఫోటో పక్కన, నల్లటి బొటనవేలి ముద్ర.

“బిడ్డను మంచిగ చూస్కోమన్నడు” అంది ఆమె గసపోసుకుంటూ. “ఎవరో దొంగలు మూడు దినాల సంది ఆయన ఫోనుకు నంబర్లు పంపుతుండ్రంట. వచ్చినయి వచ్చినట్ల తీసి పారేస్తున్నడంట. నువ్వు గూడ ఎవరన్న అడిగితే చెప్పకని చెప్పుమన్నడు.”

గేటు ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. “ఇట్ల ఉండాలె మనిషి” అన్నాడు. పిల్ల కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ చున్నీతో ముఖం కప్పుకుంది. సారు ఫోనులో నుంచి ఆపరేటరు గొంతు, “ఆ దొంగను నేనే” అంటోంది.

బిళ్ల తీసుకుని ఆయన జాలీ తెరిచాడు. ఫోను పిల్ల చేతిలో పెట్టాడు. తండ్రి ఫోను ఎట్లా తెరవాలో పిల్లకు తెలుసు.

“ఇప్పుడు పంపు” అన్నాను.

పంపింది. రాలేదు. ఇందాక అడగకుండా టింగుమన్న ఫోను ఇప్పుడు చేతిలో ఉండగా మూగదైంది. పిల్ల ఫోనును పైకెత్తి, గది బయటికి పోయి, మళ్లీ లోపలికి వచ్చింది. గేటు ఆయన “ఆ మూల నిలబడు బిడ్డా, అక్కడ మా ఇంటికి ఫోన్ మంచిగ కలుస్తది” అన్నాడు. ఆ మూల నిలబడింది. టింగుమంది.

పిల్ల చదవబోతుంటే గేటు ఆయన వీపు తిప్పుకుని, రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నాడు. “నేను వినలె. చదువు” అన్నాడు.

ఒక్కో అంకె చదివింది. అవతల బల్ల మీద కీబోర్డు చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తర్వాత ఆపరేటరు గొంతు, “ఆయ్తు. ఆయ్తమ్మా. పోయింది.” వెనకాల సారు గొంతు, “ప్రింటు తియ్, ప్రింటు తియ్.”

బళ్లారి కాలేజీకి పిల్లే ఫోను చేసింది. వాళ్లు చూసి, వచ్చాయన్నారు. రెండో సంవత్సరంలో పేరు ఎక్కిస్తున్నామన్నారు. ఆ మాట విన్న తర్వాత పిల్ల మెట్టు మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. నేను ఏడవనిచ్చాను. కాసేపయ్యాక, “లే, బస్సు పోతది” అన్నాను.

ఫోను మళ్లీ అరలోకి పోయింది. బిళ్ల మళ్లీ క్యాంటీను ఆమె కొంగుముడిలోకి ఎక్కి లోపలికి పోయింది. రూలు ఎక్కడా చిరగలేదు. పోతూ పోతూ గేటు ఆయనకు నమస్కారం పెట్టాను. నేను ఉద్యోగంలో నమస్కారం పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇష్టంగా పెట్టింది కొద్దిమందికే.

బస్సులో పిల్లతో అన్నాను, “ఆ కార్డు తుడుచుకో, మసి అయింది.”

“ఉండనివ్వండి మామ్మగారూ” అని సంచిలో పెట్టుకుంది.

మరుసటి ఏడు అడ్మిషన్లు మొదలయ్యాయి. నేను ఎప్పటిలాగే బల్ల పక్కన నిలబడ్డాను. నంబరు గడి దగ్గరికి రాగానే, “నీది రాయి” అన్నాను. మా ఆఫీసంతా తలెత్తి చూసింది. నా పాత భయం పోయిందని కాదు. దానికి వేరే మందు వేశాను. ఫారాలు బయటి దుకాణానికి పోవడం ఆపించాను, ఆఫీసులోకే నకలు మిషను తెప్పించమని సారు ప్రాణం తీశాను. నింపిన ఫారం పిల్లే బోర్లా తిప్పి నా చేతికిచ్చేది, నేను నేరుగా బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. దుకాణం మీది కోపాన్ని ఇన్నేళ్లు పిల్లల మీద తీర్చుకున్నాననిపించింది. అనిపించింది గానీ, ఆ మొదటి పిల్లను తలుచుకుంటే అప్పుడు నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను.

తండ్రులు ఊరికే ఒప్పుకోలేదు. గిల్లేసూగూరు రైతు ఒకాయన నాతో పంచాయితీకి దిగాడు. “ఆడపిల్లకు ఫోనెందుకమ్మా? నా నంబరు రాస్త.”

“నువ్వు పరీక్ష రాస్తవా?”

“నేనేంది, ఆమె రాస్తది.”

“మార్కులు ఆమెయి, క్రెడిట్లు ఆమెయి. తాళంచెవి నీ జేబుల పెట్టుకొని నువ్వు చేనుకు పోతే, ఆ పిల్ల ఎవరిని అడగాలె? చిన్న ఫోనే కొనియ్యి, పాటలు పాడనిది.”

ఆయన గొణుక్కుంటూ పోయాడు. వారం తర్వాత పిల్ల ఒక్కతే వచ్చి, తన నంబరు తనే రాసి పోయింది.

ఆ బళ్లారి పిల్ల డిగ్రీ ముగించింది. ఇప్పుడు పీజీకి ధారవాడ పోయిందట. ఈసారి ఆమె క్రెడిట్లు తన ఫోను నుంచి తనే పంపుకుందని, ఎవరూ ఏ బస్సూ ఎక్కలేదని, మా ఆపరేటరు చెప్పింది. శిక్కా సిరా దిండు ఎండిపోయి పడి ఉందనీ, కొత్తది ఎవరూ అడగడం లేదనీ కూడా చెప్పింది. మంచిదే. సిరా మిగిలింది.

ఇంక నా సంగతి ఒకటి మిగిలింది. రిటైరయ్యాక, పెన్షను కోసం బతికే ఉన్నానని ఏటా చెప్పుకోవాలి కదా. మొదటి ఏడు బ్యాంకుకు పోతే కంప్యూటరు ముందు కూర్చున్నాయన, “ఓటీపీ చెప్పమ్మా” అన్నాడు. అది నా కొడుకు ఫోనుకు పోయింది. కొడుకు పని మీద గుల్బర్గాలో ఉన్నాడు, ఎత్తలేదు. నేను బతికే ఉన్నాను, ఆయన బల్ల ముందు రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాను. అయినా కుదరలేదు, మళ్లీ రమ్మన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. ఊరందరి ఆడపిల్లలకూ చెప్పి, నా గడిలో మాత్రం కొడుకు నంబరు ఉంచుకున్నాను.

ఇంటికి పోలేదు. నేరుగా బజారుకు పోయి, ఉన్నవాటిలో అన్నిటికంటే చవక బటన్ల ఫోను ఒకటి బేరమాడి కొన్నాను. సిమ్ము నా పేరు మీద. మరుసటి వారం బ్యాంకులో అదే ఆయన, అదే మాట. నా చేతిలో టింగుమంది. పక్కనున్న ఒక కుర్రాడు, “ఇటియ్యవ్వా, నేను చదివి చెప్త” అని చెయ్యి చాపాడు.

“ఎవ్వరికీ చెప్పొద్దంట” అని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆరు అంకెలు. ఇడపనూరు బడిలో నేర్పిన నాలుగు తరగతుల చదువే చాలింది.